ఎటూ తేలని భయం



లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొన్నేళ్ల కిందట ఒక ఆట తయారుచేశారు. కంప్యూటరు తెర మీద రాళ్లు కనిపిస్తాయి. రాయి కింద పాము ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉందో లేదో ఆడేవాళ్లు ఊహించి చెప్పాలి. ఆ తర్వాత రాయి లేస్తుంది. పాము ఉంటే మాత్రం, ఊహ ఒప్పయినా తప్పయినా, చేతి మీద కరెంటు షాకు తగులుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది కాదు గాని, చురుక్కుమనిపించేదే. మొత్తం 45 మంది ఆడారు. ఆడుతున్నంతసేపూ వాళ్లకు పట్టే చెమటనూ, కంటిపాపలు విచ్చుకునే తీరునూ యంత్రాలు కొలుస్తూనే ఉన్నాయి. ఫలితాలు 2016లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో అచ్చయ్యాయి.

కంగారు ఎప్పుడు బాగా పెరిగిందని అనుకుంటున్నారు? ఈ రాయి కింద పాము ఉండితీరుతుంది, షాకు తప్పదు అని తెలిసినప్పుడు కాదు. ఉండడానికీ లేకపోవడానికీ సగానికి సగం అవకాశం ఉన్నప్పుడు. షాకు ఖాయమని తెలిసిన మనిషి పళ్లు బిగబట్టి కూర్చున్నాడు, అంతే. సగానికి సగం అన్నచోట అదే మనిషికి అరచేతులు చెమర్చాయి. తప్పించుకోవచ్చేమో అన్న ఆశ ఉన్నచోటే ఒళ్లు ఎక్కువ హడలిపోయింది.

వినడానికి వింతగా ఉంది గాని, ఇంటర్ ఫలితాల ముందురోజు రాత్రి పిల్లలున్న ఏ ఇంటికి వెళ్లినా ఇది తెలిసే సంగతే. తప్పడం ఖాయమనుకున్న పిల్లాడు పెరుగన్నం తిని పడుకుంటాడు. అంచు మీద ఉన్నవాడికీ, వాడి తల్లిదండ్రులకూ ముద్ద దిగదు. బయాప్సీ రిపోర్టు కోసం ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నవాళ్ల నోట వచ్చే మాట కూడా ఇదే. “డాక్టరు గారూ, ఏదో ఒకటి తేల్చి చెప్పండి.” మంచో చెడో, తేలితే చాలు.

ఈ తేలకపోవడం పెట్టే బాధ అందరికీ అనుభవమే కాబట్టి దాన్ని వర్ణించను. దాని వెనక పైకి కనబడని నష్టం ఒకటుంది. తేలని సంగతిని ఓర్చుకోలేనివాళ్లు భయాన్ని అందరిలాగే నేర్చుకుంటారు. ఇక భయపడనక్కర్లేదు అన్న సంగతి నేర్చుకోవలసి వచ్చినప్పుడే చిక్కుపడతారు. అది ఎలా జరుగుతుందో ఈ పావుగంటలో చెప్పాలని నా ప్రయత్నం.

ముందు ఎలుకల సంగతి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జే వైస్ అనే శాస్త్రవేత్త 1970 ప్రాంతంలో కొన్ని ప్రయోగాలు చేశాడు. రెండు ఎలుకలకు ఒకేసారి, ఒకే మోతాదులో షాకులు తగిలేట్టు ఏర్పాటు చేశాడు. మొదటి ఎలుకకు ప్రతి షాకుకూ ముందు బీప్‌మని చప్పుడు వినిపిస్తుంది. రెండోదానికీ బీప్‌లు వినిపిస్తాయి గాని, వాటికీ షాకులకూ పొంతన ఉండదు. తర్వాత రెండింటి కడుపులూ పరీక్షించారు. మొదటిదానికి పుండ్లు బాగా తక్కువ. రెండోదానికి ఎన్నోరెట్లు ఎక్కువ. తిన్న దెబ్బల్లో మాత్రం తేడా లేదు.

అయితే ఆ బీప్ చేసిన మేలేమిటి? మోగితే దెబ్బ వస్తుందని చెప్పడం ఒకటి. అంతకన్నా పెద్ద మేలు, అది మోగని వేళల్లో చేసింది. బీప్ వినిపించనంతసేపూ ఎలుక నిశ్చింతగా తిరగవచ్చు, తినవచ్చు, కునుకు తీయవచ్చు. పొంతన లేని బీప్‌లు విన్న ఎలుకకు అలాంటి వేళే లేదు. ప్రతి నిమిషమూ ప్రమాదపు నిమిషమే. అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ దీన్ని 1960ల చివర్లోనే గమనించి, జీవికి కావలసింది క్షేమ సంకేతం అన్నాడు. ఆపద ఎప్పుడు వస్తుందో తెలియడం కన్నా, ఎప్పుడు రాదో తెలియడమే ఊపిరి పీల్చుకోనిస్తుందన్నమాట.

ఇప్పుడు మన వీధుల్లోకి వద్దాం. రాత్రి డ్యూటీ దిగి బండి మీద ఇంటికి వచ్చే కుర్రాణ్ని ఒకణ్ని ఊహించుకోండి. మెయిన్ రోడ్డు నుంచి ఇంటికి దగ్గరదారి ఒక సందు. ఒక రాత్రి ఆ సందు మలుపులో, ఇస్త్రీ బండి కింద పడుకున్న కుక్క లేచి వెంటపడింది. పిక్క దాకా వచ్చింది. కుర్రాడు కాళ్లు రెండూ పైకెత్తి, బండిని వంకరటింకరగా పోనిచ్చి, ఒక చెప్పు జారవిడుచుకుని ఎలాగో బయటపడ్డాడు. భయం నేర్చుకోవడం అక్కడితో పూర్తయింది. ఆ మలుపు, ఆ ఇస్త్రీ బండి, పదకొండు గంటల చీకటి, అన్నీ కలిసి ఒక్క దెబ్బకు మనసులో అచ్చుపడ్డాయి. దీనికి ట్యూషను అక్కర్లేదు, రెండోసారి చదవనక్కర్లేదు.

మర్నాడు కుక్క లేదు. ఆ మర్నాడూ లేదు. ఇప్పుడు నేర్చుకోవలసిన పాఠం వేరు. ‘ఈ సందులో ఇక ఫరవాలేదు’ అన్నది. ఈ పాఠం చెప్పడానికి ఎవరూ వెంటపడరు. కుక్క కరిచి చెబుతుంది గాని, కుక్క లేకపోవడం దేనితో చెబుతుంది? రోజుకొక్క సాక్ష్యం చొప్పున, అదీ నోరులేని సాక్ష్యం. ఈ రాత్రి ఏమీ జరగలేదు, ఈ రాత్రీ ఏమీ జరగలేదు. ఎన్ని రాత్రులు గడిస్తే సందు మంచిదైనట్టు? మూడా, ముప్ఫయ్యా? ఎవరూ రాసివ్వరు. కాస్త నిదానంగా బండి పోనిస్తూ, గుండె కొట్టుకుంటున్నా సరే ‘చూద్దాంలే’ అనుకుంటూ వెళ్లినవాడికి వారం పది రోజుల్లో భయం పలచబడుతుంది.

అదే సందులో ఇంకో కుర్రాడికి ఇదే జరిగిందనుకోండి. అతనికి ఆ ‘చూద్దాంలే’ నోట రాదు. ‘ఉందో లేదో తెలియదు కదా, తెలియనప్పుడు ఎందుకు వెళ్లడం?’ అని చుట్టుదారి పట్టాడు. రోజూ క్షేమంగానే ఇల్లు చేరుతున్నాడు. కానీ ఆ క్షేమం అతనికి నేర్పిందేమిటి? ‘చుట్టు తిరిగాను కాబట్టి బయటపడ్డాను’ అని. మునిసిపాలిటీ వాళ్లు ఆ కుక్కను ఎప్పుడో పట్టుకుపోయి ఉండవచ్చు. ఏడాది తర్వాత కూడా అతని లెక్కలో అది కుక్క ఉన్న సందే. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు గాని, ఇలాంటి వాటిని ఊరికే గడిచిపోయే కాలం మాన్పదు. సందులో అడుగుపెట్టిన కాలమే మాన్పుతుంది.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ లవిబాండ్ బృందం 2009లో ఇలాంటిదాన్నే ప్రయోగశాలలో చూపించింది. ఒక గుర్తు కనిపిస్తే షాకు వస్తుందని ముందు నేర్పారు. తర్వాత షాకులు ఆపేశారు. అయితే కొందరికి మాత్రం షాకును రద్దుచేసే బొత్తాం ఒకటి ఇచ్చి ఉంచారు. షాకులు ఆగిపోయిన సంగతి బొత్తాం లేనివాళ్లకు త్వరలోనే తెలిసింది. బొత్తాం ఉన్నవాళ్లు నొక్కుతూనే ఉన్నారు. షాకు రానందుకు పుణ్యమంతా బొత్తాందే అనుకున్నారు. చివరికి బొత్తాం తీసేసేసరికి వాళ్ల భయం ఎక్కడిదక్కడే ఉంది. ఇంటి తాళం నాలుగుసార్లు లాగి చూసేవాళ్లూ, గ్యాసు స్టవ్వు కట్టానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చేవాళ్లూ తమ బొత్తాం ఏదో ఈపాటికి పోల్చుకునే ఉంటారు.

ఇక్కడ పావ్‌లోవ్ గురించి కొంచెం చెప్పుకోవాలి. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్, కుక్కలు, చప్పుడు వినగానే ఊరే లాలాజలం, ఈ కథ బడిలో అందరూ చదివిందే. బడిలో అంతగా చెప్పని భాగం ఒకటుంది. చప్పుడు వినిపించి తిండి పెట్టకుండా ఉంటే, కొంతసేపటికి లాలాజలం ఊరడం ఆగిపోతుంది. మరిచిపోయిందని మనం అనుకుంటాం. కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ చప్పుడు చేస్తే మళ్లీ ఊరుతుంది. అంటే మొదటి పాఠం చెరిగిపోలేదు. దాని మీద రెండో పాఠం వచ్చి కూర్చుంది, అంతే. భయం విషయంలోనూ ఇంతే. బాకీ తీరిపోయినా నోటు చింపని షావుకారులాగా మెదడు పాత భయాన్ని పెట్టెలో దాచే ఉంచుతుంది. అమెరికాలో వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బౌటన్ దశాబ్దాలుగా చేసిన ప్రయోగాల సారం ఇది. రెండో పాఠం నేర్చుకున్న చోటు దాటితే, పరిసరాలు మారితే, పాత భయం తిరిగి తలెత్తుతుందని ఆయన పదేపదే చూపించాడు.

దీని అర్థం ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. మొదట్లో ఆ సందుకు ఒకటే అర్థం, కుక్క. కుక్క లేని రాత్రులు గడిచాక దానికి రెండు అర్థాలు. ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అంటే భయం వదులుకోవడమంటే నిశ్చయంలోంచి నిశ్చయంలోకి గెంతడం కాదు. నిశ్చయంలోంచి అనుమానంలోకి దిగి, ఆ అనుమానంలోనే కొన్నాళ్లు కాపురం ఉండాలి. ఎటూ తేలని స్థితినే భరించలేని మనిషికి ఇంతకన్నా కష్టమైన పని ఇంకొకటి చెప్పగలమా?

పావ్‌లోవ్ ప్రయోగశాలలోనే షెంగెర్ క్రెస్తోవ్నికోవా అనే పరిశోధకురాలు ఒక కుక్కకు వృత్తానికీ, అండాకారానికీ తేడా నేర్పింది. వృత్తం చూపిస్తే తిండి, అండాకారం చూపిస్తే లేదు. కుక్క చక్కగా నేర్చుకుంది. తర్వాత అండాకారాన్ని కొంచెం కొంచెంగా గుండ్రంగా చేస్తూ పోయింది. నిడివి వెడల్పుల నిష్పత్తి 9:8 దాకా వచ్చాక కుక్కకు ఏది ఏదో పోల్చుకోవడం కష్టమైంది. మూడు వారాల పాటు అక్కడే కొట్టుమిట్టాడింది. అంతదాకా సాధువులా నిలబడే కుక్క మూలగడం, పెనుగులాడడం, గొట్టాలను కొరకడం మొదలుపెట్టింది. అంతకుముందు సునాయాసంగా గుర్తుపట్టిన తేడాలు కూడా పోగొట్టుకుంది. ఆ కుక్కను ఎవరూ కొట్టలేదు, షాకు పెట్టలేదు. అది పడిన బాధల్లా ఇదా అదా తేలకపోవడమే.

తేలని సంగతిని భరించే ఈ ఓర్పు మనుషుల్లో అందరికీ ఒక్కలా ఉండదు. కెనడాలో క్విబెక్ రాష్ట్రంలోని లావాల్ విశ్వవిద్యాలయంలో ఫ్రీస్టన్, డ్యూగా, లదుసేర్ తదితరులు 1994లో దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మనుషులు ఎందుకు దిగులుపడతారన్నది వాళ్ల అసలు ప్రశ్న. మొత్తం 27 వాక్యాలు. ఒక్కొక్కటి మీకు ఎంతవరకు వర్తిస్తుందో 1 నుంచి 5 దాకా అంకె వేయాలి. తర్వాత 2007లో దాన్ని 12 వాక్యాలకు కుదించారు. ఎక్కువ అంకెలు వచ్చినవాళ్లు పిరికివాళ్లని అర్థం కాదు. ఎదురుగా వచ్చిన కష్టానికి ఎదురు నిలబడేవాళ్లు వీళ్లలోనూ ఉంటారు. వీళ్లు ఓర్చుకోలేనిది కష్టాన్ని కాదు, కష్టం వస్తుందో రాదో అన్న సందేహాన్ని.

ఇంగ్లండ్‌లో రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ మోరిస్, ఆమె సహచరులు ఈ ప్రశ్నావళినీ భయం ప్రయోగాలనూ ఒకచోటికి తెచ్చారు. వాళ్ల 2015 ప్రయోగం చూడండి. మనిషిని ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టారు. వేళ్లకు చెమట కొలిచే చిన్న పట్టీలు. తెర మీద ఒక రంగు చదరం వచ్చినప్పుడు చెవుల్లో ఒళ్లు జలదరించే చప్పుడు. ఇంకో రంగు చదరం వస్తే ఏమీ లేదు. ఏ రంగు చెడ్డదో, ఏది మంచిదో అందరూ నేర్చుకున్నారు. ఆ తర్వాత చెప్పాపెట్టకుండా చప్పుడు ఆపేశారు. చదరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

సందేహాన్ని ఓర్చుకోగలవాళ్లు మొదట చెడ్డ రంగు చూసినప్పుడు ఉలిక్కిపడ్డారు, మంచి రంగుకు నిమ్మళంగా ఉన్నారు. కొంతసేపటికి రెండు రంగులూ వాళ్లకు ఒకటే అయిపోయాయి. ప్రమాదం పోయిందని ఒళ్లు గ్రహించింది. ఓర్చుకోలేనివాళ్ల తీరు దీనికి తలకిందులు. నియమం మారిందన్న వాసన తగలగానే మొదట్లో రెండు రంగులకూ ఒకేలా స్పందించారు. అంటే మంచి రంగును కూడా నమ్మలేదు. చివరికొచ్చేసరికి, మిగతావాళ్లు తేరుకున్న వేళకు కూడా, చెడ్డ రంగు కనబడితే చాలు వీళ్ల వేళ్లు చెమర్చాయి, మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం చురుగ్గా ఉండిపోయింది. ‘ఇంతసేపూ రాలేదు నిజమే, ఈసారి వస్తే?’ అన్నమాట. ఏమో, గుర్రం ఎగరావచ్చు!

ఇంతవరకే అయితే ఈ ప్రసంగానికి నేను పూనుకునేవాణ్ని కాను. 2019లో మోరిస్, ఆమె సహచరి వాన్ రీకుమ్ ఇద్దరూ అచ్చువేసిన ఇంకో ప్రయోగం ఉంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది అదే. ఈసారి కొందరికి చప్పుడు ఆపేసిన సంగతి ముందే విప్పి చెప్పారు. కొందరికి చెప్పలేదు. చెప్పనివాళ్లలో పాత కథే. చెప్పినవాళ్లలో మాత్రం తేడా మాయమైంది. సందేహాన్ని ఓర్చుకోలేనివాళ్లు కూడా మిగతావాళ్లతో సమానంగా భయం వదులుకున్నారు. కాబట్టి వాళ్లకు క్షేమాన్ని నేర్చుకునే శక్తి లేకపోలేదు. మౌనాన్ని చదివి క్షేమం అని అర్థం చేసుకోవడమే వాళ్లకు చేతకానిది. నోరు విప్పి చెబితే నేర్చుకుంటారు.

‘అయితే ఇంకేం, ధైర్యం చెబితే సరిపోతుంది కదా’ అంటారేమో. సరిపోదు. చెప్పడంలో రెండు రకాలున్నాయి. అది తెలియాలంటే తెనాలిలోనో భీమవరంలోనో, కొడుకు డాలస్‌లో ఉన్న తల్లి వంటింట్లోకి వెళ్లాలి.

ఉదయం ఆరు గంటలు. కాఫీ డికాక్షను దిగుతోంది. గట్టు మీద ఫోను, చార్జరుకు తగిలించి. నిన్న రాత్రి అబ్బాయికి పెట్టిన మెసేజీకి ఇంకా ఒకే టిక్కు. రెండో టిక్కు పడలేదు. ఆఖరిసారి ఎప్పుడు చూశాడో తెలుసుకుందామంటే, వాడు ఈ మధ్యే ఆ సదుపాయం తీసేశాడు. అమ్మ కనిపెడుతోందనే తీసేశాడు, అది వేరే సంగతి. అక్కడ మంచు తుఫానని నిన్న టీవీలో చూపించారు. కారులో ఉన్నాడా? రోడ్డు జారుతుందా? ఆవిడ ఆపుకోలేక కాల్ చేసింది. నాలుగు రింగుల తర్వాత ఎత్తాడు.

“అమ్మా, మీటింగులో ఉన్నా. ఏమైంది?”

“ఏం లేదు నాన్నా, ఊరికే. తిన్నావా?”

“తిన్నానమ్మా. నాకేం కాలేదు. మళ్లీ చేస్తా.”

ఆవిడ మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. కాఫీ కలుపుకుంది. ఆ నిమ్మళం ఎంతసేపు? తొమ్మిదింటికి వాడు పడుకోబోయే ముందు ఒకసారి చూస్తే బాగుండును అనిపిస్తుంది. ఎందుకంటే ‘నాకేం కాలేదు’ అన్న మాట ఆ క్షణానికి ఇచ్చిన రసీదు మాత్రమే. తర్వాతి క్షణానికి అది చెల్లదు. పైగా ఆవిడ ఫోన్ చేసింది కాబట్టి, మనసు ఖాతాలో క్షేమం ఫోను పేరిట జమైంది. లవిబాండ్ బొత్తాం ఇదే. వాడు రెండు రోజులు పలకకపోయినా తొంభైతొమ్మిది పాళ్లు పని ఒత్తిడే అయి ఉంటుందన్న అనుభవం ఆవిడకు ఎన్నడూ కలగదు. రెండు రోజులు ఆగి చూసిన సందర్భమే లేదు కదా. మనం ప్రేమ కొద్దీ చెప్పే ‘ఏం కాదులే’ కూడా ఇలాంటిదే. అందులో ప్రేమ ఉంది గాని సమాచారం లేదు.

అదే కొడుకు, “అమ్మా, వారం రోజులు పని ఎక్కువ. మధ్యలో మెసేజీలు చూడను. ఆదివారం మీకు ఉదయం ఏడింటికి నేనే చేస్తాను” అని చెప్పి, అన్నట్టు చేస్తే? అది వేరు. వైస్ ఎలుకకు బీప్ చేసిన మేలే ఆ ఆదివారం ఏడు గంటలు చేస్తుంది. మధ్యలో ఉన్న మౌనానికి అర్థం వాడు ముందే చెప్పేశాడు కాబట్టి. ఆదివారం రాకముందు వచ్చే బుధవారం సాయంత్రం కొంచెం బరువుగానే గడుస్తుంది. ఆ బరువు మోయవలసిందే. ఫోను అందుకోకుండా ఆ సాయంత్రం గడిపితేనే, గడిపాను, ఏమీ కాలేదు అన్న అనుభవం ఆవిడ సొంతమవుతుంది.

చికిత్సల్లోనూ ఇప్పుడు ఈ దారే తొక్కుతున్నారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మిషెల్ క్రాస్కే చెప్పే పద్ధతి ప్రకారం, భయం ఉన్న మనిషిని ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఏం జరుగుతుందని మీ భయం? ఎప్పటిలోగా? జరగడానికి నూటికి ఎంత అవకాశం ఉంది? అది కాగితం మీద రాయిస్తారు. తర్వాత చుట్టుదారులేవీ పట్టకుండా ఆ పని చేయిస్తారు. గడువు దాటాక కాగితం తీసి చూసుకోమంటారు. రాయకపోతే మనసు మాట మారుస్తుంది. ‘నేను అనుకున్నదీ ఇంతేలే’ అంటుంది. రాసిపెట్టుకున్నప్పుడు, అనుకున్నదానికీ అయినదానికీ ఉన్న దూరం కంటికి కనబడుతుంది. ఆ దూరమే పాఠం. బౌటన్ చెప్పిన చిక్కు కూడా ఉంది కాబట్టి, ఒక్కచోట నేర్చుకుంటే చాలదు. పగలు, రాత్రి, ఒంటరిగా, నలుగురిలో, రకరకాల చోట్ల చేసి చూడాలి.

దిగులు నిద్రనూ పనినీ చెడగొట్టే దాకా వస్తే మాత్రం సొంత వైద్యం వద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో తెలుగులోనూ పలుకుతుంది. అందుకు పైసా ఖర్చు లేదు.

ఇంత చెప్పాక, ఇంకో పక్క కూడా చెప్పకపోతే న్యాయం కాదు. కీడెంచి మేలెంచమని మనవాళ్లు ఊరికే అనలేదు. లండన్ పాముల ఆటలో ఇంకో సంగతి కూడా బయటపడింది. సందేహం పెరిగినప్పుడు పెరిగి, తగ్గినప్పుడు తగ్గే కంగారు ఉన్నవాళ్లే పాము ఎక్కడుందో మెరుగ్గా ఊహించగలిగారు. అంటే కంగారు దండగమారి సరుకేమీ కాదు. పరిస్థితితో పాటు అది పెరిగి తగ్గుతున్నంతకాలం మంచి పనివాడే. పరిస్థితి మారినా తగ్గనప్పుడే దానితో పేచీ. సందులో నిజంగానే కుక్క ఉంటే చుట్టుదారిలో వెళ్లినవాడే తెలివైనవాడు. నిజమైన ప్రమాదాల మధ్య బతికేవాళ్లకు ‘భయం మానండి’ అని రేడియోలో చెప్పడం నాకు సిగ్గుచేటుగా తోస్తుంది. వాళ్లకు కావలసింది ధైర్య వచనాలు కాదు, కబురు.

ఈ మాట మన తీరంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. తుఫాను రోజుల్లో ఈ ఆకాశవాణిలోనే విని ఉంటారు, ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో. మన ఓడరేవుల సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. దూరాన ఎక్కడో వాయుగుండం ఉందంటే 1. పెను తుఫాను నెత్తి మీదికి వస్తోందంటే 10. మరి 11 దేనికి? పదిని మించిన తుఫాను ఉండదు కదా. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఏం జరగబోతోందో కబురు లేదు, వాతావరణం మాత్రం ప్రమాదకరంగా ఉండవచ్చు అని చెప్పడానికి 11. ఈ పట్టిక తయారుచేసినవాళ్లు మనస్తత్వ శాస్త్రం చదివారో లేదో గాని, కబురు తెగిపోవడాన్ని అన్నిటికన్నా చివరి అంకెలో పెట్టారు.

కబురు అందితే ఏమవుతుందో కూడా మన తీరం చూసింది. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమత్రా దగ్గర సముద్రంలో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ ఇంకా ఎవరూ మరవలేదు. ఈ రెండింటి మధ్య ఒక తేడా ఉంది. 2004లో మనకు సునామీ హెచ్చరిక కేంద్రమే లేదు. 2007లో హైదరాబాదులో ఇన్‌కాయిస్ సంస్థలో అది మొదలైంది. 2012లో ఆ కేంద్రం హెచ్చరిక ఇచ్చింది, సముద్ర మట్టాలను గమనించింది, పెద్ద అలలు రావడం లేదని తేలాక కొన్ని గంటల్లోనే దాన్ని ఉపసంహరించింది. సముద్రగర్భంలో పలకలు పైకి కిందికి కాకుండా పక్కకు జరగడం వల్ల నీళ్లు అంతగా లేవలేదు. హెచ్చరిక వృథా అయిందని అప్పుడు కొందరు విసుక్కుని ఉంటారు. నా లెక్కలో ఆ రోజు జరిగిన మంచి పనులు రెండు. ముప్పు ఉందని చెప్పడం ఒకటి. ముప్పు తొలగిందని అంతే అధికారంతో చెప్పడం రెండోది.

ఈ రెండో పని మన దగ్గర తక్కువ జరుగుతోంది. వాతావరణ శాఖ తుఫాను ముప్పు తొలగాక హెచ్చరికను ఉపసంహరిస్తూ కూడా సందేశం ఇస్తుంది. కానీ హెచ్చరిక టీవీ తెర కింద ఎర్ర పట్టీలో రోజంతా పరుగెడుతుంది. ఉపసంహరణ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. నీళ్లు కలుషితమయ్యాయి, కాచి తాగండి అని మైకులో చెప్పిన ఆటో, ఇక మామూలుగా తాగవచ్చని చెప్పడానికి ఆ వీధికి మళ్లీ రాదు. ఆసుపత్రి కౌంటరులో ‘రిపోర్టు రాగానే ఫోన్ చేస్తాం’ అంటారు. ఆ ఫోను రాకపోతే బాగున్నట్టా, మరిచిపోయినట్టా? ఇంటికెళ్లిన మనిషి ఆ మౌనాన్ని ఎలా చదువుకోవాలి?

అందుకే నా మనవి శ్రోతలందరికన్నా ముందు, ఇతరులకు కబురు చెప్పే పనిలో ఉన్నవాళ్లకు. డాక్టరు గారూ, రిపోర్టు ఏ రోజు ఏ గంటకు వస్తుందో చెప్పండి, బాగున్నా కూడా ఫోన్ చేయించండి. అధికారులారా, ‘వదంతులు నమ్మవద్దు’ అని ఊరుకోకుండా, తెలిసిందేమిటో, ఇంకా తెలియనిదేమిటో, తెలిసేది ఎప్పుడో మూడూ చెప్పండి. విలేకరి మిత్రులారా, హెచ్చరిక ఎంత పెద్ద అక్షరాలతో వేశారో, ముప్పు తొలగిందన్న వార్త కూడా అంత పెద్ద అక్షరాలతోనే వేయండి. సముద్రం ఒడ్డునా, ఆసుపత్రి బల్ల మీదా ఎదురుచూస్తున్నవాళ్లు అది కూడా వార్తే అనుకుంటున్నారు.